ముక్క మీద బాగానే వస్తోంది

3వ తేదీ, బుధవారం

హాస్టల్ తలుపులు దిగాయి. షాపులో కాలు పెట్టే చోటు లేదు. అన్నింటికీ ఒకే రకం మడత బందులు, ఒకే రకం తాళాలు. టెంప్లేట్, అదే అచ్చు పలక, ఒక్కటి సరిగ్గా కోసుకుంటే చాలు, ఎన్ని తలుపులైనా గాడులు కొట్టే రౌటర్ మెషిన్ దాని అంచు పట్టుకుని తిరిగేస్తుంది.

కాంట్రాక్టరు కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని, దానికోసమే జేబులన్నీ వెతుక్కుంటూ, "బందుల గాడులు ఎవరు కొడతారు?" అని అడిగాడు. అన్నయ్య గడ్డంతో నన్ను చూపించాడు. "మా చెల్లెలు. అది గాడి కొట్టి బందు కూర్చోబెడితే ఇనుము ఎక్కడ అయిపోయిందో చెక్క ఎక్కడ మొదలైందో వేలితో తడిమినా తెలీదు."

అన్నయ్య నా మొహం మీద ఎప్పుడూ మెచ్చుకోడు. పక్కవాళ్లకి చెబుతుంటే వినాలి, అంతే.

ప్లైవుడ్‌తో కొత్త టెంప్లేట్ కోశాను. బందు కొలతకి చుట్టూ కాస్త కలిపాను. వదిన చూసి, "ఏం కొలతమ్మా, బందుకి మీ అన్నగారి చొక్కా తొడుగుతున్నావా?" అని నవ్వింది. మెషిన్ కింద ఉండే బుష్ రింగు టెంప్లేట్ అంచును రాసుకుంటూ పోతుంది, చెక్కని కోసే బిట్టు దానికంటే సన్నం కాబట్టి లోపలికి జరిగి కోస్తుంది, ఆ తేడా కలపాలి అని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే నవ్వు. వదిన పని పాలిష్. ఆవిడకి చెక్కని సింగారించడమే తెలుసు, కోయడం తెలియదు.

పాత చెక్క ముక్క మీద గాడి కొట్టి చూశాను. బందు పెట్టి తడిమాను. సాఫీగా ఉంది.

4, గురువారం

పొద్దున్న ముక్క మీద కొట్టాను. బాగుంది. తర్వాత తలుపుల మీద మొదలుపెట్టాను. ఇది నా పద్ధతి, ముక్క మీద కొట్టకుండా ఏ రోజూ తలుపు ముట్టను.

సాయంత్రం అన్నయ్య ఒక తలుపు ద్వారబంధానికి బిగించాడు. మూస్తే మూసుకోదు. వేలితో నెట్టి వదిలితే మళ్లీ వెనక్కి వస్తోంది. కింది బందు గాడి ఒక పక్క లోతు దిగిపోయింది. నేను తడిమే కదా పంపాను. అప్పుడు సాఫీగా ఉంది.

బిట్టు జారి ఉంటుంది. బిగించాను.

6, శనివారం

టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. వదిన గ్లాసులు తోమాక సబ్బు సరిగ్గా కడగదు.

7, ఆదివారం

ఇవాళ షాపు లేదు. మేడ మీద నా గదిలో కూర్చుని కొలతలన్నీ మళ్లీ వేశాను. బుష్ సరిగ్గా ఉంది, బిట్టు సరిగ్గా ఉంది, తేడా సరిగ్గా కలిపాను. మరి తలుపు ఎందుకు తప్పు వస్తోంది? బుర్ర పని చేయడం లేదు.

పెళ్లి చెడి ఈ ఇంటికి తిరిగొచ్చినప్పుడు నేను మంచం దిగేదాన్ని కాదు. అన్నయ్య ఒకరోజు పైకొచ్చి ఒక్క ఓదార్పు మాట కూడా అనకుండా, "కింద మెషిన్ ఒకటి కొన్నాను, నాకు దాని సంగతి అంతుపట్టడం లేదు, వచ్చి చూడు" అన్నాడు. అబద్ధం. అంతుపట్టకపోవడానికి అందులో ఏముంది. కానీ దిగి వెళ్లాను. ఇక ఆ రోజు నుంచి షాపులో గాడులన్నీ నావే, బందులవీ, తాళాలవీ, గడియలవీ. ఆ మెషిన్ నా చేతిలో ఉన్నంతకాలం ఈ ఇంట్లో నేను పనిమంతురాలిని. అది లేకపోతే అన్నయ్య చెల్లెలిని, వదినకి ఆడపడుచుని. వండిన దాంట్లో ఒక వాటా.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో. రెండు గాడులు తప్పొస్తే కొంపేం మునిగిపోదు.

8, సోమవారం

మళ్లీ తప్పొచ్చింది. ఈసారి లోతు కాదు, అంచు. తిన్నగా రావాల్సిన అంచు ఒకచోట ఎలుక కొరికినట్టు లోపలికి పోయింది. మెషిన్ అడుగు పీట టెంప్లేట్ మీద నుంచి లేచి వాలితేనే అలా అవుతుంది. నేను వాల్చలేదు. వాలిస్తే నా చేతికి తెలీదా?

అన్నయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. చెక్క పీలిక కోసి, బంక రాసి, ఆ కన్నంలో అతికించి, ఎండేదాకా దాని ముందే కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "చూడు, కాంట్రాక్టరు చేత మాట పడలేను. ఇంకో తలుపు పోయిందంటే రౌటర్ పనికి బయటి మనిషిని పెడతాను. నువ్వు కొన్నాళ్లు గరుకు కాగితం పట్టు, అలిసిపోయినట్టున్నావు."

నేను అలిసిపోలేదు. గరుకు కాగితం నేను పట్టను.

10, బుధవారం

ఒకటి కనిపెట్టాను.

పొద్దున్న ముక్క మీద కొడితే బాగానే వస్తోంది. ఆ తర్వాత మొదటి తలుపు కూడా బాగానే వస్తోంది. అప్పుడు వదిన టీ తెస్తుంది. నేను మెషిన్ ఆపి, గుమ్మం దగ్గరికెళ్లి గాలి పీల్చుకుంటూ టీ తాగుతాను. ఆవిడ లోపలే ఉంటుంది, తలుపులు చూస్తూ, చేత్తో రాస్తూ. వెళ్లిపోతుంది. ఆ తర్వాత కొట్టినవి తప్పొస్తాయి. మధ్యాహ్నం కూడా అంతే. ముక్క బాగుంటుంది, మొదటిది బాగుంటుంది, వదిన వచ్చి వెళుతుంది, తప్పొస్తుంది.

ఇదివరకు టీ పూటకి ఒక్కసారే తెచ్చేది. ఈమధ్య పూటకి రెండుసార్లు తెస్తోంది. ఎందుకు?

ఛ. వదిన అలాంటిది కాదు.

కానీ ఈమధ్య ఇంకో కొత్త ముద్దు కూడా మొదలుపెట్టింది. పొద్దున్నే పైకొచ్చి నా పని చొక్కాకి గుండీలు పెట్టి పోతోంది. నేనేమన్నా పసిపిల్లనా? ఇంత ప్రేమ ఉన్నట్టుండి ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది?

11, గురువారం

కుడిచేతి చూపుడు వేలికి బొబ్బ ఉంది. ఎప్పుడు కాలిందో తెలియదు.

11, గురువారం, మళ్లీ

టీ తాగుతూ గుమ్మంలోంచి ఓరకంట చూశాను. వదిన మెషిన్ పక్కన నిలబడింది. దాని మీద చెయ్యి వేసింది. నేను తిరిగేసరికి తీసేసింది. "ఏంటి వదినా?" అంటే, "ఏం లేదు, ఎంత వేడెక్కిందో చూశా. దీనికీ కాస్త ఊపిరి తీసుకోనివ్వవే" అంది.

లోతు ఆపే లీవరు తర్వాత చూస్తే వదులుగా ఉంది. నేను బిగించాను. బిగించినట్టు నాకు బాగా గుర్తు. బొటనవేలితో గట్టిగా నొక్కాను.

నొక్కాననే అనుకుంటున్నాను.

12, శుక్రవారం

ఇంకో తలుపు పోయింది. తాళం గాడి. అది తలుపు మందంలోకి వెళ్లే గాడి, తప్పొస్తే అతుకు వేయడానికి కూడా ఉండదు. అన్నయ్య నా చేతిలోంచి మెషిన్ తీసుకుని వైరు పీకేశాడు. ఒళ్లంతా మండిపోయింది. నోటికొచ్చింది అనేశాను.

"నన్నెందుకంటావు? మీ ఆవిడని అడుగు. నేనటు తిరగ్గానే లీవరు ఎవరు వదులు చేస్తున్నారో అడుగు."

వదిన పాలిష్ గుడ్డ పట్టుకుని అక్కడే ఉంది. అన్నయ్య ఆవిడ వైపు తిరిగాడు. అడుగుతాడనుకోలేదు. అడిగాడు. "ఏమే, దాన్ని ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నానండీ" అంది వదిన.

"ఎందుకు?"

వదిన నా వైపు చూసింది. ఏదో చెబుతుందనుకున్నాను.  గుడ్డ మడిచి డబ్బా మీద పెట్టి లోపలికెళ్లింది.

ఒప్పుకున్నట్టే కదా. మరి నాకు గెలిచినట్టు ఎందుకు లేదు?

13, శనివారం

వదిన వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. నాలుగు వీధుల అవతలే, కానీ సంచీ పట్టుకుని వెళ్లింది.  అన్నయ్య నేను వండింది తిన్నాడు, ఉప్పు ఎక్కువైందని కూడా అనలేదు. చివరికి, "మెషిన్ నీకిస్తున్నా. ఇప్పుడు మధ్యలో వచ్చేవాళ్లు ఎవరూ లేరు కదా, కొట్టు" అన్నాడు.

కొడతాను. చూడు.

15, సోమవారం

ముక్క మీద కొట్టాను, బాగుంది. మొదటి తలుపు బాగుంది. రెండోది పోయింది. టీ లేదు, వదిన లేదు, షాపు గుమ్మం దాటి ఎవరూ రాలేదు. ఎప్పటికంటే ముందే పోయింది.

వెళ్లేముందు ఏదో చేసి ఉంటుంది. టెంప్లేట్ అంచు అరగదీసి ఉంటుంది. అదే అయ్యుంటుంది. రేపు కొత్తది కోస్తాను.

16, మంగళవారం

కొత్త టెంప్లేట్, కొత్త బుష్, కొత్త బిట్టు. తలుపు మీద కొట్టే ధైర్యం లేక షాపులో ఉన్న దుంగను ముక్కలుగా కోసుకుని, ఆగకుండా ఒకదాని తర్వాత ఒకటి ముక్కల మీదే కొట్టాను. అన్నీ వరసగా నేల మీద పేర్చాను. ప్రతిదాంట్లో బందు పెట్టి తడిమాను. అన్నీ సాఫీగా ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పు లేదు. ఎగిరి గంతేయాలనిపించి అన్నయ్యని పిలిచాను.

అన్నయ్య వంగి మొదటిదాన్ని వేలితో రాశాడు. రెండోదాన్ని రాశాడు. మూడోదాని దగ్గర ఆగి, నా మొహంలోకి చూశాడు. "ఇది సాఫీగా ఉందా?"

"ఉంది కదా."

అన్నయ్య స్టీలు స్కేలు తెచ్చి అడ్డంగా నిలబెట్టాడు. దాని కింద నుంచి వెలుతురు కనిపించింది. తర్వాతి ముక్కకి ఇంకా ఎక్కువ. చివరి ముక్కలో బందు ఒక పక్క గోరంత లోతుకి దిగి ఉంది. ఒక పక్క అంచు మళ్లీ ఎలుక కొరికినట్టే.

నేను మళ్లీ తడిమాను. కళ్లు మూసుకుని తడిమాను. మొదటి ముక్కా చివరి ముక్కా నాకు ఒక్కలాగే ఉన్నాయి. గరుకు కాగితం తీసుకుని దాని మీద వేళ్లు రాశాను.

అది కూడా సాఫీగానే ఉంది.

17, బుధవారం

రాయడానికి ఏమీ లేదు. పెన్ను పట్టుకుంటే చేతిలో ఉందో లేదో చూసుకోవాల్సి వస్తోంది. ఇది ఇవాళే అయిందా, ఇదివరకు కూడా ఇంతేనా?

అన్నయ్యకి, "ఆ ముక్కల్లో చెక్క పచ్చిది, అందుకే" అని చెప్పాను. నమ్మాడో లేదో. నేను కూడా కాసేపు నమ్మాను.

18, గురువారం

వెళ్లాను. వాళ్ల అక్క ఇంటి వెనక వసారాలో వదిన బట్టలు మడతపెడుతోంది. ఏం మాట్లాడాలో దారిపొడవునా అనుకుంటూనే వెళ్లాను.

"తిని వచ్చావా?" అంది.

"లేదు."

"లీవరు ఎవరు వదులు చేశారో తేలిందా?"

చెయ్యి చాపాను. వదిన దుప్పటి పక్కన పెట్టి నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. చూపుడు వేలి కొసని గోరుతో నొక్కింది. "తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు. అక్కడ కొంచెం. మొద్దుగా, చేతికి ఎవరో గుడ్డ చుట్టినట్టు."

"నాకు తెలుసే" అంది వదిన.

"ఎప్పటి నుంచి?"

"ఎప్పటి నుంచేంటి, పొద్దున్నే గుండీలు పట్టక నువ్వు చొక్కాని తిట్టుకుంటుంటే కింద వంటింట్లోకి వినబడేది. ఆ తిట్లు వినలేకే కదా పైకొచ్చేదాన్ని. గ్లాసు పగిలిన రోజు నీ వేలు వేడి గ్లాసుకి ఆనుకునే ఉంది, నువ్వు తీయలేదు. అది చూశాక నాకు ఇంకేం కావాలి."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? నీకు చెబితే నా పీక పట్టుకుంటావు, పట్టుకున్నావు కూడా. మీ అన్నయ్యకి చెబితే ఆ మెషిన్ ఆ క్షణమే అటక ఎక్కిస్తారు. అది పోతే నువ్వు మళ్లీ ఆ మంచం ఎక్కుతావని నాకు భయం." వదిన గొంతు ఏమీ మారలేదు, దుప్పటి మళ్లీ తీసుకుని మూల వెతుక్కుంటోంది. "అందుకే టీ తెచ్చేదాన్ని. ఆ కాసేపన్నా నీ చేతికి మెషిన్ అదురు ఆగుతుందని. ఒకసారి తెస్తే చాలడం లేదని రెండుసార్లు తెచ్చాను. లీవరు నువ్వు వదులుగా వదిలేస్తుంటే నువ్వు చూడకుండా బిగించేదాన్ని. ఎటు తిప్పాలో నాకు సరిగ్గా తెలీదు, ఒకసారి అటు తిప్పానేమో కూడా. కాబట్టి నువ్వన్నది పూర్తిగా అబద్ధం కాదులే."

ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, ఇంకేం అనాలో తెలియక ఏడ్చాను. వదిన దుప్పటి రెండో చివర నా ఒళ్లో పడేసి, "ఏడిస్తే ఏడువు గానీ మూలలు కలిపి పట్టుకో" అంది.

20, శనివారం

డాక్టరమ్మ కళ్లు మూసుకోమని వేళ్ల మీద గుచ్చింది. ఒక్కసారి గుచ్చారన్నాను. రెండుసార్లు గుచ్చిందట. ఏం పని చేస్తావని అడిగింది, చెప్పాను. రౌటర్ అంటే ఆవిడకి తెలియలేదు, వదిన నోటితో బుర్రుమని శబ్దం చేసి చేతులు ఊపి చూపించింది. ఆవిడకి అర్థమైంది.

మెషిన్ అదురుకి నరాలు మొద్దుబారాయట. ఇప్పుడు మానేస్తే కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మానకపోతే మాత్రం రాదు. కాసేపు మెషిన్ పడితే వేళ్లు పూర్తిగా పోతాయి, విశ్రాంతి ఇస్తే కొంచెం వస్తాయి. ముక్క మీద బాగా వచ్చి తలుపు మీద తప్పొచ్చింది అందుకే.

ఇన్నాళ్ల నా అయోమయానికి ఆవిడ ఒక్క మాటలో జవాబు చెప్పేసింది. జవాబు దొరికితే తేలికపడతారంటారు. నాకు ఇంకా అయోమయంగానే ఉంది. కొలతలు తప్పలేదు, టెంప్లేట్ తప్పలేదు, నేనే తప్పాను అంటే ఎక్కడ సరిచేసుకోవాలి?

22, సోమవారం

అన్నయ్యకి చెప్పాం. సగం నేను చెప్పాను, మిగతాది వదిన చెప్పింది. అన్నయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఆ రోజు ఆ మెషిన్ నీకు ఇవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు.

"ఇవ్వకపోతే నేను ఉండేదాన్ని కాదు" అన్నాను. అంత మాట అంటానని నేనూ అనుకోలేదు.

మిగిలిన తలుపుల సంగతి వచ్చింది. అన్నయ్యకి నడుం నొప్పి, వంగి మెషిన్ పట్టలేడు. బయటి మనిషిని రేపు పిలుస్తానన్నాడు. అప్పుడు వదిన చీపురు గోడకి ఆనించి, "నేను చూస్తా" అంది. అన్నయ్య నవ్వాడు. వదిన నవ్వలేదు. వెళ్లి మెషిన్ ఎత్తింది.

ముక్క బిగించి ఇచ్చాను. పీట మొత్తం టెంప్లేట్ మీద ఆనాక మీట నొక్కమన్నాను. నొక్కింది, మెషిన్ ఒక్కసారి గుంజితే, "అమ్మ నీ, పొగరే దీనికి" అని దాన్నే తిట్టింది. వదినది ఎడమ చేతి వాటం. నేను నిలబడే వైపు కాకుండా అవతలి వైపు నిలబడింది. టెంప్లేట్ కదలకుండా బిగించడానికి, నాకు అడ్డం రాని వైపు నేను పెట్టుకున్న క్లాంపు సరిగ్గా ఆవిడ మోచేతికి తగిలింది. గాడి వంకర వచ్చింది. మళ్లీ కొట్టింది, మళ్లీ మోచెయ్యి తగిలింది, మళ్లీ వంకరే.

కానీ పీట ఎక్కడా లేవలేదు. లోతు ఒక్కలాగే ఉంది. వదిన వేళ్లు దాన్ని వదల్లేదు.

కుళ్లు పుట్టింది. నిజం రాయాలి కదా, ఇక్కడ కూడా అబద్ధం ఎందుకు. క్లాంపు తగిలి వంకరపోతే లోపల ఒక మూల నాకు హాయిగా అనిపించింది. చూశావా, నీకు రాదు అనిపించింది. అన్నయ్య, "చాల్లే, నీ వల్ల కాదు, రేపు మనిషి వస్తాడు" అన్నాడు. వదిన మోచెయ్యి రుద్దుకుంటూ మళ్లీ చీపురు తీసుకుంది. నేను అడ్డు చెప్పలేదు.

తప్పు వదిన చేతిది కాదని, క్లాంపుదని అక్కడ ఉన్నవాళ్లలో నాకు ఒక్కదానికే తెలుసు.

23, మంగళవారం

అందరికంటే ముందు షాపుకి దిగాను. కొత్త టెంప్లేట్‌కి ప్లైవుడ్ పలక తీసుకుని బందు కొలత గీశాను. చుట్టూ తేడా కలిపాను. క్లాంపు పట్టే చోటు కుడి చివర వచ్చేలా గీశాను. ఆనించుకునే పట్టీ కూడా అటు తిప్పి మేకులు కొట్టాను. పెన్సిలు రెండుసార్లు జారింది.

మెషిన్ వైరు పెడుతుంటే అన్నయ్య వచ్చాడు. డాక్టరమ్మ మాట నాకు గుర్తు చేయబోయి, బల్ల మీద పలక చూసి ఆగాడు. వంగి అటూ ఇటూ చూశాడు.

"ఇదేంటే, క్లాంపు ఇటు పెట్టావు? నీకు చెయ్యి ఆడదు కదా ఇలా అయితే. తిరగేసి గీసినట్టున్నావు, మళ్లీ చూసుకో."

"సరిగ్గానే గీశాను. ఇది వదినకి."

 అన్నయ్య జేబులోంచి ఫోను తీశాడు, దాన్ని చూశాడు, మళ్లీ జేబులోనే పెట్టేశాడు. ఆ బయటి మనిషికి చేయబోయాడో, రావద్దని చెప్పబోయాడో నేను అడగలేదు. బల్ల అవతలి వైపుకి వెళ్లి పలక చివర రెండు చేతులతో పట్టుకున్నాడు.

లీవరు బిగిసిందో లేదో వేలిని అడగలేదు, వంగి కళ్లతో చూశాను. పీట పలక మీద ఆనిందో లేదో కూడా కళ్లతోనే చూశాను.

"కదలనివ్వకు" అన్నాను. "మళ్లీ కోయాలంటే నా చేతికి రాదు. ఇదొక్కటే."

అన్నయ్య గట్టిగా పట్టుకున్నాడు. మీట నొక్కాను.